వృద్ధ రోగులకు తోడుగా నిలిచిన లూయీసా ట్వైనింగ్ గారు



ట్వైనింగ్ అనే పేరును మనలో కొందరు టీ పొట్లముల మీద చూచియుంటారు. 1706లో టామస్ ట్వైనింగ్ అనే వర్తకుడు లండను నగరములో మొదలుపెట్టిన వ్యాపారము అది. స్ట్రాండ్ అనే పెద్ద వీధిలో ఆ దుకాణము నేటికీ నడుస్తున్నది. ఆ వంశములో పుట్టిన ఒక స్త్రీని గూర్చి ఈ సంచికలో వ్రాస్తున్నాము. ఆమె పేరు లూయీసా ట్వైనింగ్. అయినవారు లేక, వచ్చి పలుకరించే మనిషి లేక, వ్యాధితో మంచము పట్టిన ముసలివారి దగ్గరకు సామాన్యులైన విశ్వాసులు వెళ్ళి కూర్చొనుటకు ఇంగ్లండులో తలుపులు తెరిపించినవారు ఈమె.

సొంత ఊళ్ళకు దూరముగా స్థిరపడిన మన సంఘములకు ఈమె జీవితము ప్రత్యేకముగా అవసరమని తలంచి దీనిని వ్రాస్తున్నాము. ఎందుకో చివర చెప్పుకుందాము.

బాల్యము, యౌవనము

లూయీసా గారు 1820 నవంబరు 16న లండనులో, స్ట్రాండ్ వీధిని ఆనుకొనియున్న నార్ఫోక్ వీధిలో జన్మించారు. తండ్రి రిచర్డ్ ట్వైనింగ్ టీ వర్తకుడు. ఆ ఇంటి ఆడపిల్లలలో ఈమె చిన్నది. కలిగిన కుటుంబము, దైవభక్తి గల కుటుంబము. అక్కగారైన ఎలిజబెత్ పూలమొక్కల చిత్రములు వేయుటలో పేరు పొందారు. ఆమె కూడా తరువాత పేదల సేవలోకి వచ్చి, ట్వికెన్‌హామ్‌లో ఒక ఆసుపత్రిని స్థాపించారు.

లూయీసా గారికి కూడా చిత్రకళ మీదనే మక్కువ. ఆదిసంఘ కాలములోను మధ్యయుగములలోను క్రైస్తవులు వేసిన చిత్రములలోని గురుతుల అర్థమేమిటని పరిశోధించి 1852లో ఒక గ్రంథము ప్రకటించారు. బైబిలులోని ఛాయారూపములను గూర్చి 1855లో మరియొకటి వచ్చింది. ఆమె వివాహము చేసుకొనలేదు. తండ్రి ఇంటిలో ఉండి బొమ్మలు వేసుకుంటూ, పుస్తకములు వ్రాసుకుంటూ ఆమె జీవితము సుఖముగా గడిచిపోగలిగేది. 32 ఏళ్ళు నిండిన తరువాత జరిగిన ఒక చిన్న సంగతి ఆమె దారిని మళ్ళించింది.

వర్క్‌హౌస్ అంటే ఏమిటి?

ఆ సంగతి తెలియాలంటే ఆనాటి ఇంగ్లండు పరిస్థితిని కొంచెము ఎరిగియుండాలి. 1834లో అక్కడ పేదల చట్టమును సవరించారు. పని చేయలేక, తిండికి లేక సహాయము కోరినవాడు వర్క్‌హౌస్ అనే నిలయములోకి రావాలి. అక్కడి బ్రతుకు బయట అతి తక్కువ కూలికి పనిచేసే వాని బ్రతుకు కంటె హీనముగా ఉండాలి. అప్పుడే సోమరులు అందులోకి రారు అని ఆ చట్టము చేసినవారి లెక్క. లోపలికి వచ్చిన భార్యాభర్తలను వేరు చేసేవారు. 60 ఏళ్ళు దాటిన దంపతులు ఒకే గదిలో ఉండవచ్చునని 1847లో అనుమతి వచ్చినా, దానిని అమలులో పెట్టిన చోట్లు తక్కువ.

సోమరులను బెదరించుటకు కట్టిన ఆ భవనములలో చివరకు ఎక్కువగా చేరినది ముసలివారు, రోగులు, అనాథ పిల్లలు. దానికి ఒక కారణమున్నది. దాతల చందాలతో నడిచే పెద్ద ఆసుపత్రులు ఆ కాలములో నయమయ్యే జబ్బులనే చేర్చుకొనేవి. చందాదారుడు ఇచ్చే సిఫారసు చీటి కూడ సాధారణముగా కావాలి. పక్షవాతము, కీళ్ళ జబ్బు, పాత దగ్గు, రాచపుండు, చూపు పోవుట, ముసలితనపు నీరసము - ఇవి త్వరగా కుదిరేవి కావు. అట్టివారికి ఆ ఆసుపత్రులలో చోటు లేదు. ఇంటిలో చూచువారు లేకపోతే వారికి మిగిలినది వర్క్‌హౌస్‌లోని రోగుల వార్డు మాత్రమే. ఆ విధముగా పేరుకు పనిశాల అయినది, నిజానికి దేశములోని వృద్ధ రోగులకు ఆసుపత్రి అయింది. అయితే ఆసుపత్రిలో ఉండవలసిన వసతులు గాని మనుష్యులు గాని అక్కడ లేరు.

ఒక ముసలమ్మను చూచుటకు

1853లో లూయీసా గారికి ముందునుండి పరిచయమున్న ఒక వృద్ధురాలు స్ట్రాండ్ ప్రాంతపు వర్క్‌హౌస్‌లో చేరవలసి వచ్చింది. ఆమెను చూచి రావాలని లూయీసా గారు వెళ్ళారు. ఆ వర్క్‌హౌస్ క్లీవ్‌లాండ్ వీధిలో ఉండేది. ఆ భవనము పద్దెనిమిదవ శతాబ్దములో కట్టినది. గొప్ప నవలాకారుడు చార్లెస్ డికెన్స్ బాలుడుగా నివసించిన ఇల్లు అదే వీధిలో కొద్ది దూరములో ఉన్నది.

అక్కడి రోగులకు నర్సులుగా ఉన్నది శిక్షణ పొందినవారు కారు. వర్క్‌హౌస్‌లోనే ఉంటున్న బీద స్త్రీలు. వారిలో చాలామంది తామే ముసలివారు, బలము లేనివారు. కొందరికి చదువు రాదు గనుక మందు సీసా మీది చీటి చదువలేరు. వారికి జీతము లేదు. బదులుగా కొంచెము మంచి తిండి, బీరు, సారాయి ఇచ్చేవారు. రోగిని ప్రక్కకు ఒత్తిగిలజేయుట, పడక పుండ్లు రాకుండ చూచుట, వణికే చేతులవారికి అన్నపానములు నోటికి అందించుట ఎవరూ వారికి నేర్పలేదు. 1856లో ఆ వర్క్‌హౌస్‌కు వైద్యుడుగా వచ్చిన జోసెఫ్ రోజర్స్ అక్కడి స్థితిని తరువాతి కాలములో వివరముగా వ్రాసిపెట్టారు. అతని జీతము ఏడాదికి 50 పౌండ్లు. రోగుల మందుల ఖర్చు కూడ అతడు దానిలోనుండే భరించుకోవాలి. వార్డుల కిటికీల క్రింద పెరటిలో ఆదాయము కోసము బయటివారి తివాచీలను కొట్టి దులిపించేవారు. ఆ ధూళి, ఆ చప్పుడు రోగుల మీదనే పడేవి.

లూయీసా గారు తాను ఎరిగిన ఆ వృద్ధురాలిని చూచి వచ్చి అంతటితో ఊరుకోలేదు. ఈమెకైతే నేనున్నాను, ఆ వరుసలోని మిగిలినవారికి ఎవరున్నారు అనే ప్రశ్న ఆమె జీవితకాలమంతటి పనికి మూలమైంది. ఆమె ఒక సామాన్యమైన మనవి చేశారు. మాబోటి స్త్రీలు కొందరము వారము వారము క్రమముగా వచ్చి ఈ రోగుల దగ్గర కూర్చొనుటకు అనుమతించండి అని అడిగారు.

అనుమతి దొరకలేదు

మొదట ఆ మనవి చెల్లలేదు. వర్క్‌హౌస్‌లను నడిపేది గార్డియన్లు అనే ఎన్నికైన పెద్దలు. వారి పైన లండనులో ప్రభుత్వపు బోర్డు ఉన్నది. జీతము లేని బయటి మనుష్యులు లోపలికి వస్తే క్రమశిక్షణ చెడిపోతుందని ఒక భయము. వేరు వేరు శాఖల క్రైస్తవులు వచ్చి రోగులను తమ వైపుకు లాగుకొని తగవులు పెట్టుకుంటారని ఇంకొక భయము. లోపలి సంగతులు బయట పడతాయనే భయము కూడ లేకపోలేదు.

ఇక్కడ ఆమె ప్రవర్తన గమనింపదగినది. ఆమె గోడలు దూకలేదు, అధికారులను నిందించి వీధికెక్కలేదు; అలాగని ఇంటికి తిరిగిపోయి బొమ్మలు వేసుకొనలేదు. అడిగిన చోటనే మళ్ళీ అడిగారు. ఇతర వర్క్‌హౌస్‌లను కూడ చూచి, అక్కడివారి స్థితిని గూర్చి 1855లో ఒక చిన్న పుస్తకము అచ్చు వేయించారు. 1857లో బర్మింగ్‌హామ్ పట్టణములో సంఘసంస్కర్తల జాతీయ మహాసభ మొదటిసారి జరిగినప్పుడు వర్క్‌హౌస్‌ల మీద ఆమె వ్రాసిన పత్రము ఆ సభ ముందుకు వచ్చింది. స్త్రీలు సభలో నోరు విప్పుట అరుదైన కాలము అది. ఆ మరుసటి ఏడు, 1858లో, వర్క్‌హౌస్ పరామర్శ సమాజము ఏర్పడింది. లూయీసా గారు దానికి కార్యదర్శి అయ్యారు. 1853లో చేసిన మనవి ఒక క్రమమైన పరిచర్యగా నిలబడుటకు 5 సంవత్సరములు పట్టింది.

సమాజము చేసిన పని

ఆ సమాజము పెట్టుకొన్న ఉద్దేశములు మూడు. అనాథ పిల్లలకు స్నేహితులుగా ఉండుట మొదటిది. రోగులను, దుఃఖములో ఉన్నవారిని ఆదరించి వారికి వాక్యము చెప్పుట రెండవది. దారి తప్పినవారికి ఏదైన ఉపయోగమైన పని నేర్పుట మూడవది. పరామర్శకు వెళ్ళేవారు అక్కడి గార్డియన్ల అనుమతితో, చాప్లెయిను ఎరుకలో, నియమములకు లోబడి పని చేయాలి. 1859 నుండి 1865 వరకు ఆ సమాజము సొంత పత్రికను నడిపింది. ఏ ఊరిలో ఏమి జరుగుచున్నది, ఎక్కడ అనుమతి దొరికింది, ఎక్కడ దొరకలేదు అనే సమాచారము దానిలో వచ్చేది.

వెళ్ళినవారు చేసినది పెద్ద పనులేమీ కావు. ప్రక్కన కూర్చొని మాటలాడుట, చదువలేనివారికి చదివి వినిపించుట, బయటి లోకపు కబురు తెచ్చుట. ఏళ్ళ తరబడి గోడను చూస్తూ పడుకొన్న మనిషికి ఫలానా రోజున ఫలానా అమ్మగారు వస్తారు అని ఎదురుచూచుటకు ఒక రోజు ఏర్పడుట చిన్న సంగతి కాదు.

1861లో ఆమె సహకారులైన ఫ్రాన్సెస్ పవర్ కాబ్, మార్గరెట్ ఎలియట్ అనే ఇద్దరు స్త్రీలు నయము కాని జబ్బులవారిని గూర్చి ఒక యోచనను దేశము ముందు పెట్టారు. అట్టివారిని వేరే వార్డులలో ఉంచాలి. ప్రభుత్వము ఇచ్చే తిండి, గుడ్డకు తోడుగా, ఆనుకొని కూర్చొనే కుర్చీలు, మెత్తని పరుపులు వంటి సౌఖ్యములను దాతలు ఇచ్చుటకు అనుమతించాలి అని కోరారు. రోగికి నయము కాదని తెలిసినంత మాత్రాన అతనికి సుఖము కూడ అవసరము లేదనుట తప్పు అని వారి వాదము. అదే 1861లో లూయీసా గారు పార్లమెంటు నియమించిన కమిటీ ముందు నిలిచి తాను చూచినది సాక్ష్యమిచ్చారు. వర్క్‌హౌస్‌లలో పెరిగి పనులకు బయటకు వచ్చే ఆడపిల్లల కోసము ఒక గృహమును కూడ ఆ ఏడే తెరిచారు. తరువాతి కాలములో మూర్ఛ రోగము గలవారికి, నయము కాని జబ్బులు గల స్త్రీలకు ఒక నిలయమును నడిపించారు.

ప్రేమ ఒక్కటే చాలదు

సంవత్సరముల తరబడి మంచముల మధ్య తిరిగిన మీదట ఆమెకు ఒక సత్యము స్పష్టమైంది. వారానికి ఒకమారు వచ్చే ప్రేమగల మనిషి రోగి దుఃఖమును తగ్గించగలదు గాని పడక పుండును మాన్పలేదు. రాత్రివేళ దాహమైన రోగికి నీళ్ళిచ్చుటకు ఆమె అక్కడ ఉండదు. ఆ పనికి శిక్షణ, జీతము, బాధ్యత గల నర్సు కావాలి. పరామర్శకులు వస్తున్నారు గదా అని ఆసుపత్రి నర్సులను పెట్టుట మానుకొంటే ఆ పరామర్శ మేలుకు బదులు కీడు చేస్తుంది.

ఇంకొక సంగతి కూడ ఆమె గ్రహించారు. పరామర్శించే మనిషికి కళ్ళున్నవి. ఎవరూ చూడని చోట జరిగే నిర్లక్ష్యము, బయటి మనిషి క్రమముగా వచ్చి చూచే చోట అంత తేలికగా సాగదు. కాబట్టి పరామర్శ ఆదరణ మాత్రమే కాదు. అది సాక్ష్యము కూడ.

ఆ సాక్ష్యమునకు కాలము వచ్చింది. 1864 చివరలో లండనులో ఒక వర్క్‌హౌస్‌లో పడక పుండ్లతో క్షీణించిన ఒక కూలివాడు మరణించగా పత్రికలన్నీ ఆ వార్తను ఎత్తుకొన్నాయి. 1865లో లాన్సెట్ అనే వైద్య పత్రిక తన సొంత వైద్యులను పంపి లండను వర్క్‌హౌస్‌ల రోగుల వార్డులను పరీక్ష చేయించింది. అదే సంవత్సరము లివర్‌పూల్ నగరములో విలియం రాత్‌బోన్ అనే వర్తకుడు తన ఖర్చుతో, ఫ్లోరెన్స్ నైటింగేల్ గారి పాఠశాలలో నేర్చిన ఆగ్నెస్ జోన్స్ అనే భక్తురాలిని, ఆమెతో 12 మంది నర్సులను అక్కడి వర్క్‌హౌస్ ఆసుపత్రికి రప్పించాడు. శిక్షణ గల నర్సుల చేతిలో పెడితే వర్క్‌హౌస్ వార్డు కూడ ఆసుపత్రి కాగలదని వారు చూపించారు. ఆగ్నెస్ జోన్స్ గారు 1868 ఫిబ్రవరిలో ఆ రోగుల మధ్యనే టైఫస్ జ్వరము సోకి, 35 ఏళ్ళకే ప్రభువు నొద్దకు వెళ్ళిపోయారు.

1867లో పార్లమెంటు లండను నగరమునకు కొత్త చట్టము చేసింది. రోగులను వర్క్‌హౌస్ నుండి వేరు చేసి, వారి కొరకు ప్రత్యేకముగా ఆసుపత్రులు కట్టుటకు దాని వలన మార్గము ఏర్పడింది. ఇది ఏ ఒక్కరి విజయమూ కాదు. వైద్యులు, పత్రికలవారు, నైటింగేల్ గారు, చట్టసభలోని పెద్దలు అందరూ కలిసి చేసినది. అయితే ఆ గోడల లోపల ఏమున్నదో దేశమునకు మొదట చూపిన వారిలో, మంచము మంచము తిరిగిన ఆ పరామర్శకులు ఉన్నారు.

అలయని పరిచర్య

చట్టము రాగానే పని అయిపోలేదు. లండను బయట దేశమంతటా పాత పద్ధతే సాగుతున్నది. 1879లో వర్క్‌హౌస్ ఆసుపత్రులకు నర్సులను తయారుచేసి పంపే సంఘము ఒకటి స్థాపింపబడింది. లూయీసా గారు దానికి కార్యదర్శిగా నిలిచారు. అప్పటికి ఆమెకు 58 ఏళ్ళు దాటినవి.

స్త్రీలు గార్డియన్లు కావాలని కూడ ఆమె పాటుపడ్డారు. ఆడవారు, పిల్లలు, ముసలివారు ఎక్కువగా ఉన్న చోట నిర్ణయములు చేసేవారు అందరూ పురుషులే అయియుండుట సరి కాదని ఆమె ఎరుగుదురు. 1875లో మొదటి స్త్రీ ఎన్నికైంది. 1884లో లూయీసా గారే కెన్సింగ్టన్ ప్రాంతమునకు గార్డియనుగా ఎన్నికై 1890 వరకు పనిచేశారు. ఒకప్పుడు తలుపు దగ్గర నిలిచి అనుమతి అడిగిన స్త్రీ, 30 ఏళ్ళ తరువాత ఆ తలుపు తెరిచే అధికారము గల బల్ల దగ్గర కూర్చున్నది. 1893 నుండి 1896 వరకు టన్‌బ్రిడ్జ్‌లో మరల ఆ బాధ్యత వహించారు. అప్పటికి ఆమె 70 దాటిన వృద్ధురాలు. ఎవరి కొరకు పాటుపడ్డారో ఆ వయస్సుకే తాను వచ్చారు.

1897లో ప్రభుత్వము ఉత్తర్వు చేసి, వర్క్‌హౌస్‌లోని బీదలను నర్సులుగా పెట్టుటను నిషేధించింది. 1853లో ఆమె కళ్ళారా చూచిన అన్యాయము చట్ట ప్రకారము తొలగిపోవుటకు 44 ఏళ్ళు పట్టింది. 1893లో తన జీవితమును, పనిని గూర్చిన జ్ఞాపకములను ఒక పుస్తకముగా ప్రకటించారు. 1912 సెప్టెంబరు 25న, 91 ఏళ్ళ వయస్సులో, ఆమె కన్ను మూశారు.

ఆమెను దేవదూతగా చూపుట మా ఉద్దేశము కాదు. ఆమె తన కాలపు మనిషి. బీదలకు ఇంటి దగ్గరనే డబ్బు సహాయము చేయుట విషయములో ఆమె ఆనాటి కఠినమైన అభిప్రాయమునే పట్టుకొన్నారు; వర్క్‌హౌస్‌ను బాగుచేయాలన్నారు గాని, ముసలివారు వర్క్‌హౌస్‌కు వెళ్ళకుండనే బ్రతుకగలిగే ఏర్పాటును అంతగా నమ్మలేదు. 70 ఏళ్ళు నిండిన పేదలకు పింఛను ఇచ్చే చట్టము 1908లో ఆ దేశములో వేరే వారి ప్రయాసము వలన వచ్చింది. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగము చూపుతాడు. ఆమెకు చూపిన భాగమును ఆమె విడువలేదు.

ఆమె తరువాత

ఆమె వేసిన దారి అక్కడితో ఆగలేదు. 1935లో లండను దగ్గర వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మ, పాత వర్క్‌హౌస్ నుండి వచ్చిన 714 పడకల బాధ్యత తీసుకొన్నారు. ఇక లేవరని ఏళ్ళ తరబడి పడుకోబెట్టిన వృద్ధులను ఒక్కొక్కరినే పరీక్ష చేసి, లేపి, కూర్చోబెట్టి, నడిపించారు. వారిలో అనేకులు ఇళ్ళకు వెళ్ళగలిగారు. వృద్ధుల వైద్యము ఒక ప్రత్యేక శాఖగా ఎదుగుటకు ఆమె పని పునాది అయింది.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో 70 ఏళ్ళు, ఆ పైబడిన 852 మంది రోగుల మీద ఒక పరిశీలన చేసి దాని ఫలితమును 1999లో ప్రకటించారు. ఆసుపత్రిలో చేరిన ముసలివారు ఉన్నట్టుండి మనసు తికమకపడి, పలవరించి, మనుష్యులను గుర్తు పట్టకపోవుట మనము చూస్తుంటాము. వయస్సు వలన ఇది తప్పదని అనుకుంటాము. అక్కడ సగము మందికి మామూలు వైద్యముతో పాటు కొన్ని చిన్న పనులు ఒక క్రమములో చేశారు. వాటిలో చాలావరకు శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులే చేశారు. ఈ రోజు ఏమి వారమో, తామెక్కడ ఉన్నారో చెప్పుట, కబుర్లాడుట, కళ్ళద్దములు, చెవి మిషను అందుబాటులో ఉంచుట, నీళ్ళు త్రాగించుట, రోజుకు కొన్నిమార్లు నడిపించుట, రాత్రి నిద్ర మాత్రకు బదులు వేడి పాలు ఇచ్చి వీపు నిమురుట. మామూలు వైద్యము మాత్రమే పొందినవారిలో నూటికి 15 మందికి ఆ తికమక రాగా, ఈ తోడు దొరికినవారిలో నూటికి 10 మందికి లోపలే వచ్చింది. కూర్చొని మాటలాడే మనిషి మందు వలె పనిచేస్తాడని దీనివలన తెలిసింది.

మన సంఘములకు ఒక మాట

ఇప్పుడు మన సంగతి. మన తాతలు బ్రతుకుతెరువు కోసము కర్ణాటకకు, తమిళనాటికి, ఒడిశాకు, మహారాష్ట్రకు వచ్చి స్థిరపడ్డారు. మన పిల్లలు ఇక్కడి భాషలో చదువుకొన్నారు, ఇక్కడి ఆఫీసులలో పనిచేస్తున్నారు. అయితే 80 ఏళ్ళ అవ్వ జబ్బుపడి ఆసుపత్రిలో చేరినప్పుడు, అరవములోనో కన్నడములోనో జీవితమంతా బేరమాడిన మనిషి కూడ, జ్వరపు తీవ్రతలో తన తల్లి నేర్పిన తెలుగులోనే పిలుస్తుంది. నర్సుకు ఆ మాట తెలియదు. కొడుకు షిఫ్టులో ఉన్నాడు, కూతురు పరదేశములో ఉన్నది. నొప్పి ఎక్కడో చెప్పలేక, దాహమని అడుగలేక ఆ మంచము మీద మన సంఘ సభ్యురాలు ఒంటరిగా ఉన్నది.

మన పెద్దలకు ఈ పరిచర్య కొత్తది కాదు. ఒంగోలులోని క్లౌ స్మారక ఆసుపత్రిని, పిఠాపురములోని మిషను ఆసుపత్రిని ఎరిగినవారు మన కుటుంబములలో ఉన్నారు. మంచము మంచము తిరిగి రోగులతో మాటలాడి ప్రార్థించిన బైబిలు స్త్రీల సంగతి వారిని అడిగి తెలుసుకోవచ్చును. ఆ పని ఇప్పుడు స్త్రీల సమాజము వారు, యౌవనస్థులు, పదవీ విరమణ చేసిన సహోదరులు ఎత్తుకొనవచ్చును.

లూయీసా గారి జీవితము నుండి మేము నేర్చుకొన్నది ఇక్కడ పెడుతున్నాము. ముందుగా ఆసుపత్రివారి అనుమతి పొందాలి, నియమములకు లోబడాలి. పదిమంది గుంపుగా ఒకనాడు వెళ్ళి పండ్లు పంచి, పాట పాడి వచ్చేదానికన్న, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకొని ప్రతి వారము అదే దినమున వెళ్ళుట మేలు. మనవారినే గాక ప్రక్క మంచమువారిని కూడ పలుకరించాలి. దగ్గు, జ్వరము ఉన్నవారు ఆనాడు మానుకోవాలి. చేతులు కడుగుకొని లోపలికి వెళ్ళాలి. నర్సును అడుగకుండ నోటికి ఏమీ పెట్టరాదు. పక్షవాతము వచ్చినవారికి మ్రింగుట కష్టమై నీళ్ళు సయితము ఊపిరితిత్తులలోకి పోవచ్చును. మందుల విషయములో సలహాలు ఇయ్యరాదు. రోగి చెప్పుకొన్న ఇంటి సంగతులు సంఘములో చర్చకు రాకూడదు. కళ్ళద్దములు, పండ్ల సెట్టు, చెవి మిషను ఇంటిలో మరచిపోయి ఉంటే తెప్పించి పెట్టాలి. నర్సుకు, రోగికి మధ్య మాట అర్థము కానిచోట ఉన్నది ఉన్నట్టుగా తెలుగు చేసి చెప్పాలి. ఏదైన నిర్లక్ష్యము కనబడితే వార్డులో కేకలు వేయక, నోరు మూసుకొని కూడ ఊరుకొనక, కుటుంబమువారికి, వార్డు పెద్ద నర్సుకు నెమ్మదిగా తెలియజేయాలి. ప్రార్థన చేయునప్పుడు రోగిని అడిగి, చిన్నగా, మెల్లగా చేయాలి.

రోగులను చూడవచ్చినవారిని తన్ను చూడవచ్చినవారిగా లెక్కిస్తానని మన ప్రభువు మత్తయి సువార్త 25వ అధ్యాయములో బోధించాడు. దిక్కులేనివారిని పరామర్శించుటను యాకోబు తన పత్రికలో నిజమైన భక్తిలో చేర్చాడు. ఈ మాటలు మనకు కంఠస్థములే. లూయీసా గారు ఎరిగినది ఒక ముసలమ్మను మాత్రమే. ఆమెను చూచుటకు వెళ్ళి, ప్రక్క మంచములను కూడ చూచారు. మన సంఘపు పుస్తకములో ఉన్న వృద్ధులలో ఈ వారము ఆసుపత్రిలో ఎవరున్నారు, వారి దగ్గర రాత్రి ఎవరున్నారు అని వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన పాస్టరుగారు, డీకన్లు, స్త్రీల సమాజపు పెద్దలు కూర్చొని ఒక కాగితము మీద వ్రాయుదురు గాక. ఆ కాగితములోని మొదటి పేరుతో మన పరిచర్య మొదలుపెట్టుదము. ప్రభువు మీ ప్రయాసమును దీవించును గాక. ఆమెన్.